దిబ్బ దీపం

పెరట్లో వాసన లేదు.

పేడ వాసన, బూడిద వాసన, తడిసిన వేరుశనగ పొట్టు వాసన... ఏదీ లేదు. రుక్మిణమ్మ చేనికి పోయి వచ్చేలోపల మున్సిపాలిటీ ఎడ్లబండి పెంట దిబ్బను ఎత్తుకుపోయింది. పచ్చి నేల మిగిలింది.

హిందూపురంలో ఇక ఇళ్ల దగ్గర దిబ్బలు ఉండకూడదట. దోమలట. రోగాలట. చెత్తంతా ఊరి బయట ఎరువు గుంటలకు పోవాలట. దండోరా ఆమె కూడా విన్నది. పండగ వెళ్లాక కదా అనుకుంది.

దీపావళి ఈరోజే.

చిలమత్తూరులో పుట్టినప్పటి నుంచి ఆమెకు తెలిసిన దీపావళి ఒకటే — ముందు ఇంటి దిబ్బ మీద దీపం, ఆ తరువాతే గడపకు. చేనికి బలమిచ్చే లక్ష్మి దిబ్బలోనే ఉంటుంది. పోయినేడు జ్వరంతో పడుకుని దీపం పెట్టలేదు. చేను ఎండింది. వాన లేక ఎండిందని మొగుడు లక్ష్మీనారాయణ అంటాడు. అయి ఉండవచ్చు. కాకపోనూ వచ్చు... ఈసారీ ఎండితే చేను అమ్మేసి బెంగుళూరుకు కూలికి పోదామంటున్నాడు.

ఆమెకు పోవాలని లేదు.

ప్రమిద, నూనె, అగ్గిపెట్టె పట్టుకుని ఎరువు గుంటల దాకా నడిచింది.

అక్కడ అన్నీ దిబ్బలే. హోటలు ఆకులు, సంత పేడ, ఎవరివో పగిలిన గాజులు. ఇందులో తనది ఏది? ఇంతమంది లక్ష్ములు కలిసిపోతే ఇక ఎవరింటి లక్ష్మి?

"మా దిబ్బ యాడ పోసినారప్పా?" కాపలా ఉన్న యల్లప్పను అడిగింది.

"ఎవురిది యాడుందో నాకేం తెలుసమ్మా. యాడో ఒగచోట పెట్టిపో."

ఒకచోట పెట్టింది. తీసింది. ఇంకోచోట పెట్టింది. అదీ కాదేమో... చివరికి పేడ ఎక్కువగా కనిపించిన కుప్ప మీద వెలిగించి దండం పెట్టుకుంది. మనసు కాస్త కుదుటపడింది.

అప్పుడొచ్చింది మున్సిపాలిటీ ఎడ్లబండి. తోలే నూరుల్లా ఆమెను గుర్తుపట్టాడు.

"మీ ఇంటి దిబ్బేనమ్మా ఈ బండిలోది. చక్రం ఊడి ఇంతసేపూ దావలోనే నిలబడిపోతి." కుప్ప మీద దీపాన్ని చూసి ఆగాడు. "యాడ దించమంటావు?"

రుక్మిణమ్మ బండిని చూసింది. దీపాన్ని చూసింది. తీస్తే, ఎవరింటి దీపమో ఆర్పినట్టు. తీయకపోతే... తన చేను?

ఎడ్లు నిలబడే ఉన్నాయి.

గాలి లేచింది. ఆమె చెయ్యి తనంతట తానే పోయి మంటకు అడ్డం నిలిచింది — ఎవరి కోసమో తెలియకుండానే.