దిష్టి చుక్క లేని మేడ

నాగవల్లి అరబ్బు దేశాలకు కట్టినన్ని మేడలు ఏ షేకూ కట్టించి ఉండడు. కాకపోతే అన్నీ ఆమె నడుం ఎత్తుకో, మహా అయితే తల ఎత్తుకో ఆగిపోయేవి. కౌలాలంపూర్‌లోని బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఓ అరిటాకు భోజనం హోటల్ పైన సెల్లప్పన్ నడిపే నమూనాల వర్క్‌షాపు ఉంది. ఎక్కడో రియాద్‌లోనో దోహాలోనో పెద్ద కట్టడం లేవబోతుంటే, అది ఎలా ఉంటుందో ముందుగా చూపించడానికి బొమ్మ కావాలి. అక్రిలిక్ రేకుల్ని మెషీన్ కోసిపెడుతుంది. అతికించాల్సింది మాత్రం నాగవల్లి వేళ్ళే.

తడిబట్టను పిండినట్టు మెలి తిరిగిన మేడ, తెరచాపలా ఉబ్బిన మేడ, నడిమధ్య పెద్ద కంత వదిలేసిన మేడ, అన్నీ ఆ చేతుల మీదుగా పోయినవే. తిన్నగా నిలబడితే వీళ్ళ సొమ్మేం పోయిందో అని మొదట్లో విసుక్కునేది. పోగా పోగా ఆ వంకరల మీదే మనసు పడింది. ఇప్పుడు విసుక్కునే ఓపికా లేదు, మురిసిపోయే ఓపికా లేదు. మోకాళ్ళు పట్టేస్తాయి, జిగురు వాసనకు తల తిరుగుతుంది, సాయంత్రానికి కళ్ళు లాగేస్తాయి. ఇంటికి పోయే రైల్లోంచి కౌలాలంపూర్ జంట మేడలు ధగధగా కనిపిస్తాయి. అందరూ ఫోన్లు ఎత్తితే, ఆమె కళ్ళు మూసుకుంటుంది. పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా.

ఒక్క కోరిక మాత్రం ఇంకా చావలేదు. తను బొమ్మ చేసిన ఆ మెలి మేడ రియాద్‌లో నిజంగానే లేచి నిలబడింది. సెల్లప్పన్ ఫొటో చూపించాడు కూడా. దాని కింద నిలబడి ఒక్కసారి తలెత్తి చూడాలి. అంతే. అందులో కాపురం పెట్టాలని ఆమెకేం లేదు.

ఆ కోరిక తీరే రోజు వచ్చినట్టే వచ్చింది. రియాద్ వాళ్ళే ఇంకో మేడకు, తెల్లటిదానికి, బొమ్మ అడిగారు. మనిషిని మించిన ఎత్తు. ముక్కలుగా విప్పి తీసుకెళ్ళి అక్కడ బిగించాలి. "దీన్ని బిగించడం నీకే తెలుసు, నువ్వూ రా అక్కా" అన్నాడు సెల్లప్పన్. అతని మాటలు సగం తమిళం, సగం మలయ్. మాట చివర అతను తగిలించే మలయ్ 'లా' ఒక్కటి ఉంచి, మిగతాది తెలుగులో చెప్పుకుందాం. నాగవల్లి పాస్‌పోర్టు తీయించుకుంది. అందులో ఫొటో చూసి తనే జడుసుకుంది.

మలేసియాలోనే బాగన్ దాతుక్ అనే ఊళ్ళో ఉన్న తల్లి కూర్మమ్మకు ఫోన్ చేసి చెప్పింది.

"ఎల్లి సూసిరాయే" అంది కూర్మమ్మ. "ఇన్నేళ్ళు కట్టినావు, ఒక్కదాని గుమ్మమైనా తొక్కినావేటి?"

బొమ్మ పూర్తయిన రోజు, ఎప్పటిలాగే దిష్టి చుక్క పెట్టింది నాగవల్లి. అది తల్లి నేర్పిన అలవాటు. కొబ్బరి తోటల్లో పెరిగిన మనిషి కూర్మమ్మ. పసిబిడ్డ బుగ్గకు చుక్క, విరగకాసిన చెట్టుకు పాత చెప్పు, ఏదీ వదిలేది కాదు. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందని ఆమె నమ్మకం. అందుకే ప్రతి మేడకూ నాగవల్లి తన కంటి కాటుకనే ఉంగరం వేలితో తీసి, పీఠం అడుగున, ఎవరికీ కనబడని చోట అద్దేది. ఇన్నేళ్ళలో ఎవరూ కనిపెట్టలేదు.

ఈసారి కిందికి వంగబోతే మోకాలు ససేమిరా అంది. సరే, ఎక్కడైతేనేం అనుకుని, ఇంకా పైకెక్కించని శిఖరం ముక్కకు లోపలివైపు అద్దేసింది.

అక్కడే బోల్తా పడింది. ఆ మేడంతా లోపలి నుంచి వెలగాలి. సెల్లప్పన్ స్విచ్ వేయగానే తెల్లగా, పాలపొంగులా వెలిగింది. పైన మాత్రం ఒక మచ్చ బొగ్గులా కనబడింది.

"అక్కా, ఇదేంటి లా?"

 "దిష్టి సుక్క, మొదలాళీ" అంది నాగవల్లి. యజమానిని ఆమె పిలిచేది అలాగే.

సెల్లప్పన్ నవ్వలేదు, తిట్టనూ లేదు. అతని గుమ్మానికీ గుమ్మడికాయ వేలాడుతూనే ఉంది మరి. "నాకు చెప్పకు అక్కా, నాకు తెలుసు. రేపు చూడ్డానికొచ్చే రియాద్ మనుషులకు ఏం చెప్పను? మనం రియాద్ వెళ్ళాలా, వద్దా?"

వెళ్ళాలి. అందుకే శిఖరం కిందికి దింపించి, తడిబట్ట తీసుకుని తన చేత్తోనే తుడిచింది. బిడ్డ బుగ్గ మీద చుక్క తుడిచినట్టే అనిపించింది ఆమెకు. పొద్దున్నే వచ్చి ఇంకోచోట పెడదాం అనుకుంది. కానీ ఒళ్ళంతా పచ్చిపుండులా ఉండి, మర్నాడు రైల్లో నిద్రపట్టేసి, దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది. వెనక్కి వచ్చేసరికి సూట్లవాళ్ళు బొమ్మ చుట్టూ మూగి ఉన్నారు. ఆహా అన్నారు, ఓహో అన్నారు. అన్ని పక్కల నుంచీ ఫొటోలు తీశారు. ఇంత అందమైనది చూడలేదన్నారు. వాళ్ళ ఒక్కో మెచ్చుకోలుకూ నాగవల్లి వీపు వెనక మెటికలు విరిచింది.

ఆ తర్వాత ఎన్నాళ్ళో కాలేదు. సెల్లప్పన్ కింది హోటల్ నుంచి రెండు టీలు తెచ్చాడు. అతను టీ తెచ్చాడంటేనే కబురు మంచిది కాదని ఆమెకు తెలుసు.

"ఆ మేడ కట్టడం లేదట అక్కా. ఆపేశారు. బొమ్మ కూడా అక్కర్లేదన్నారు."

"మరి మనం ఎల్లడం?"

అతను ఒక టీ ఆమె ముందుకు జరిపాడు.

"నేనే తుడిసినాను" అంది నాగవల్లి.

"పిచ్చి మాటలు మాట్లాడకు లా. అంత పెద్ద మేడ నీ కాటుక చుక్క కోసం ఆగుతుందా? వాళ్ళ లెక్కలు వాళ్ళవి."

నిజమే. ఆమె బుర్రకూ ఆ సంగతి తెలుసు. కానీ బుర్రకు తెలిసినంత మాత్రాన మనసు ఊరుకుంటుందా? చేతులారా తుడిచింది. వెళ్ళాలన్న ఆశతోనే తుడిచింది. ఆ తుడవడంతోనే వెళ్ళడమూ పోయింది. ఏడుపు వచ్చింది గాని, ఏడవడానికి కూడా ఓపిక చాల్లేదు.

కూర్మమ్మకు ఫోన్లో చెప్పింది.

"ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది" అంది ముసలావిడ. "పునాదే లేని మేడకి దిష్టేటే? అవతలది, మెలిది, దానికి సుక్క పెట్టినావా?"

"పెట్టినాను."

"నిలబడిందా?"

"నిలబడింది."

"మరింకేటి" అంది కూర్మమ్మ. గొంతు తగ్గించి, "నువ్వే సూడనేదు" అంది.

ఆ మధ్యాహ్నం సెల్లప్పన్ భోజనానికి వెళ్ళాడు. తెల్ల మేడను స్టాండు మీంచి దించి, దారికి అడ్డం లేకుండా మూలన నేల మీద పెట్టేశారు. వచ్చేవారం విప్పి రేకులు వేరే బొమ్మకు వాడతారట. నాగవల్లి దాని పక్కన కూర్చుంది. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు, ఆ మోకాళ్ళ సంగతి అది. నడుం లాగేస్తుంటే అక్కడే నేల మీద వాలింది. వాలాక, ఎందుకో తల జరిపి, మేడ గుమ్మం దగ్గర, తను అతికించిన వేలెడంత మనుషుల పక్కన పెట్టి పైకి చూసింది.

ఇన్నేళ్ళూ మేడల్ని పైనుంచే చూసింది, వంగి, కళ్ళద్దాలు సర్దుకుంటూ. కింద నుంచి ఎన్నడూ చూడలేదు. తెల్లటి గోడ అలా పోతూనే ఉంది, పోతూనే ఉంది. శిఖరం ఎక్కడో సీలింగు ఫ్యానును తాకుతున్నట్టుంది.

"అమ్మో, ఇంతెత్తా!" అంది పైకే.

కంటికొసన కాటుక తీసి, గుమ్మం పక్కన, అందరికీ కనబడేలా చుక్క పెట్టింది. దీని మీద ఇంకెవరి కళ్ళు పడతాయి అని తనకే నవ్వొచ్చింది. సెల్లప్పన్ తిరిగొచ్చేసరికి ఆమె అక్కడే, మేడ గుమ్మం దగ్గర తలపెట్టుకుని, నిద్రపోతూ ఉంది. అతను చుక్కను చూశాడు, ఆమెను చూశాడు. మేడ దీపాల తీగను గోడకు తగిలించి, స్విచ్ వేశాడు.