ఎత్తి లాగే సొరుగులు

మా ఇంట్లో ఉన్న సొరుగుల బీరువాను కొత్తవాళ్ళెవరూ తెరవలేరు. సొరుగును ముందు కాస్త పైకెత్తాలి, తర్వాతే లాగాలి. ఓడ ఎంత ఊగినా సొరుగులు జారి బయటికి రాకుండా మా ముత్తాత చేసిన ఏర్పాటది. ఆయన ఓడల్లో వడ్రంగి. ప్రతి సొరుగు అడుగునా ఒక చిన్న చెక్క పన్ను మిగిల్చి, అది చట్రంలోని గాడిలో కూర్చునేలా చేశాడు. ఆ బీరువా ఆయన తర్వాత తాతతో, ఆ తర్వాత ఇంజను గదిలో పనిచేసిన నాన్నతో సముద్రాలన్నీ తిరిగి, నాన్న రిటైరయ్యాక ఆయనతోపాటే ఒడ్డుకొచ్చింది. నేనా, మోకాలి లోతు దాటి సముద్రంలో దిగిన పాపాన పోలేదు.

నాన్నకు మతిమరుపు జబ్బు మొదలై నాలుగేళ్ళు. అమ్మ పోయిందన్న సంగతి మరిచిపోయి, ఎక్కడికెళ్ళిందని అడిగేవాడు. నన్ను ఒకరోజు కూతురనుకుంటే మర్నాడు వాళ్ళ అక్కయ్య అనుకునేవాడు. కానీ పొద్దున్నే స్నానం చేసి, తువ్వాలు చుట్టుకుని, నేరుగా బీరువా దగ్గరికి వెళ్ళి, రెండో సొరుగు ఎత్తి, లాగి, చొక్కా తీసుకునేవాడు. ఆ ఒక్కటీ ఆయన చెయ్యి మరిచిపోలేదు. చొక్కా వేసుకున్నాక కాసేపు మా పాత నాన్నే. "పిచ్చుకా, కాఫీ ఏదే?" అనేవాడు. చిన్నప్పటి నుంచీ నన్ను అలాగే పిలుస్తాడు. ఆ పిలుపు కోసం నేను వంటింట్లో చెవులు రిక్కించుకుని నిలబడేదాన్ని.

ఒకరోజు మణికట్టు పట్టు తప్పి సొరుగు ఆయన పాదం మీద పడింది. బొటనవేలు నల్లగా కమిలిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. వెంటనే వడ్రంగిని పిలిపించాను.

"ఇల్లేమన్నా ఊగుతోందా, ఈ తిప్పలెందుకు? ఆ పళ్ళన్నీ చెక్కేసి ఇనప పట్టాలు బిగించండి. వేలితో లాగితే వచ్చెయ్యాలి."

"పాత పనమ్మా ఇది. చెక్కేస్తే మళ్ళీ రాదు. ఇంకోసారి ఆలోచించుకోండి," అన్నాడు వడ్రంగి.

"ఆలోచించాను లెండి. ఇది ఇల్లా, మ్యూజియమా?"

ఎంత తెలివైనదాన్నో చూడండి. సాయంత్రానికి సొరుగులు వెన్నలా జారుతున్నాయి. నాన్నకు ఎంతో మేలు చేశానని నన్ను నేనే మెచ్చుకున్నాను.

మర్నాడు పొద్దున నాన్న రెండో సొరుగు ఎత్తబోయాడు. పట్టాలు బిగించిన సొరుగు పైకెలా లేస్తుంది? మళ్ళీ ఎత్తాడు. లేవని సొరుగును లాగడం ఆ చేతికి తెలియదు.

"ఊరికే లాగు నాన్నా, వచ్చేస్తుంది," అన్నాను.

ఆయన గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఇది నాది కాదండీ. గది తప్పొచ్చినట్టున్నాను, ఏమీ అనుకోకండి."

ఓడలో ఒకరి సొరుగు ఇంకొకరు ముట్టుకోరని నాన్న మాకు చిన్నప్పుడే చెప్పాడు. తడి ఒంటితో గోడకు ఆనుకుని, ఆ బీరువా తాలూకు మనిషి వచ్చేదాకా అలాగే ఉంటానన్నాడు. నేను సొరుగు లాగి చూపిస్తే ఇంకా బెదిరిపోయాడు. "వద్దండీ, ఆయన చూస్తే బాగుండదు," అన్నాడు.

వడ్రంగి ఇంటికి పరుగెత్తాను. ఆయన వెంటనే వచ్చాడు. పట్టాలు ఊడదీసి, కొత్త చెక్కతో పళ్ళు చేసి అంటించాడు. నాలుగు రోజులు పట్టింది. సొరుగులు మునుపటిలాగే ఎత్తి లాగితేనే వస్తున్నాయి. నాన్న చెయ్యి పట్టుకుని సొరుగు పిడి మీద పెట్టాను. మర్యాదగా విడిపించుకున్నాడు. పిచ్చుకా అన్న పిలుపు మళ్ళీ వినలేదు. నా చేతులారా చేసుకున్నాను, ఎవరి మీద పడి ఏడవను?

ఇప్పుడు రోజూ నేనే చొక్కా తీసిస్తున్నాను.

"ఎవరిదండీ ఇది?" అంటాడు.

"ఆ బీరువా తాలూకు ఆయనదండీ. మిమ్మల్ని వేసుకోమన్నారు."

నాన్న నమ్ముతాడు. చేతులు చాచి తొడిగించుకుంటాడు. నిన్న మాత్రం చొక్కా అంచు తడిమి చూసుకుంటూ అన్నాడు, "మంచి మనిషిలా ఉన్నారు. ఎప్పుడొస్తారో?"

"తెలియదండీ."

"వస్తే నాకో మాట చెప్పండి. ఒకసారి కలవాలి."

"చెప్తానండీ. నాకూ ఆయన్ని చూడాలనే ఉంది," అన్నాను బొత్తాలు పెడుతూ.