రెండు బెజ్జాల ఎలుక

“నీ ఎలుకలకు తానం అయిందా?”

ఆదివారం పొద్దున వంట ముగించి, పాత ధోతి నుంచి చింపిన మెత్తటి గుడ్డముక్క పట్టుకుని సుమిత్ర కిటికీ దగ్గర కూర్చుందంటే జగదీష్ నోటి నుంచి ఆ మాట రావలసిందే. పెళ్ళయిన ఆరేళ్ళకు మొదలైన మాట, పద్నాలుగేళ్ళుగా అరగలేదు. తొలిరోజుల్లో అందులో వెటకారం ఉండేది. తర్వాత పరాచికమయింది. ఇప్పుడు దగ్గులాగా దానంతట అదే వస్తుంది. “మిర్యాలగూడ మిల్లులల్ల ఎలుకలు సాలవా, పైసలు వెట్టి జపాన్ నుంచి గూడ తెప్పియ్యాల్నా?” అని చుట్టాల ముందు అనేవాడు. చుట్టాలు నవ్వేవాళ్ళు. సుమిత్రా నవ్వేది. తనమీద వేసిన జోకుకు అందరికన్నా ముందు నవ్వేస్తే అది తొందరగా అయిపోతుందని ఆమె ఏనాడో కనిపెట్టింది.

నిజానికి అవన్నీ ఎలుకలు కావు. తను పనిచేసే రైస్‌మిల్లు ల్యాబు నుంచి తెచ్చుకున్న, బియ్యం శాంపిళ్ళు వేసే పాత రేకుడబ్బాలో, అరకొకటి చొప్పున, పదకొండు బొమ్మలు. ఉసిరికాయంత ఉంటుంది ఒక్కొక్కటి. నిద్రపోతున్న కుక్కపిల్ల, పురుగు తొలిచిన కాయ, కాళ్ళు ముడుచుకున్న కప్ప, పుట్టగొడుగుల గుత్తి. ఒకటి పొదచెట్టు చేవతో చేసింది, ఒకటి జింకకొమ్ముతో, ఒకటి గట్టి గింజతో. ఏనుగు దంతంతో చేసినవి ఎంత అందంగా కనబడినా ఆమె ముట్టలేదు. చట్టం ఒప్పుకోదు, మనసూ ఒప్పుకోదు. వాటిని నెత్సుకె అంటారు. ఒకప్పుడు జపాన్‌లో మగవాళ్ళ బట్టలకు జేబులుండేవి కావు. పొగాకు సంచీ, మందుల డబ్బీ తాడుతో నడుముపట్టీ కిందనుంచి వేలాడదీసుకునేవాళ్ళు. తాడు జారిపోకుండా పై కొసకు అడ్డంగా కట్టే బుడిపె ఇది. అందుకే ప్రతి బొమ్మకూ అడుగున రెండు బెజ్జాలుంటాయి. వాడుకునే బుడిపెకు ఇంత చెక్కడం ఎందుకని ఎవరైనా అడిగితే బాగుండునని సుమిత్రకు ఉండేది. జవాబు తయారుగా పెట్టుకుంది. ఎవరూ అడగలేదు. హైదరాబాదులో చదువుకుంటున్న కూతురు నిఖిత మాత్రం ఒకసారి ఫోన్‌లో, “అమ్మా, అవి అమ్మితే ఎంతొస్తయ్?” అని అడిగింది.

మొదటిది మాత్రం ఎలుకే. మిల్లులో రంగు మారిన గింజల్ని ఏరే యంత్రం కొత్తగా బిగించినప్పుడు జపాన్ నుంచి ఒక ముసలాయన వచ్చాడు. ఆయన పేరు ఆమెకు చివరిదాకా సరిగా పలకరాలేదు. పన్నెండు రోజులు యంత్రం ఏరిన బియ్యాన్ని సుమిత్ర పళ్ళెంలో పరిచి, భూతద్దం పెట్టి, నూకలు వేరు, మచ్చగింజలు వేరు చేస్తుంటే ఆయన పక్కన నిలబడి చూసేవాడు. యంత్రం వదిలేసిన ఒక గింజను ఆమె వేలితో పక్కకు జరిపినప్పుడల్లా చిన్నగా తల వంచేవాడు. వెళ్ళేరోజు తన తాళాల తాడునుంచి ఆ ఎలుకను విప్పి ఆమెకిచ్చాడు. తోకను తన చుట్టూ తానే చుట్టుకుని, ముందుకాళ్ళతో పట్టుకుని కూర్చున్న ఎలుక. మిల్లులో ఎలుక బహుమానమేమిటని ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ భాషా ఈ భాషా అక్కర్లేని నవ్వు. ఇంటికొచ్చి చెబితే జగదీష్, “ముసలోడు చెత్త నీకంటగట్టి పోయిండు” అన్నాడు.

తర్వాత ఆమె చదివింది. బస్సులో, భోజనం గంటలో, ఫోన్ చిన్నతెరమీద. హైదరాబాదు పాతసామాన్ల దుకాణంలో ఒకటి దొరికింది. మిగిలినవి దూరదేశాల వేలంపాటల్లో, ఎవరూ పోటీకి రాని, చెక్కినవాడి పేరు లేని మామూలు బొమ్మలు. చదివిన వాటిలో ఒక మాట ఆమెను పట్టుకుని వదలలేదు. నెత్సుకెకు ఎక్కడా కొస ఉండకూడదట. చెవి గానీ గోరు గానీ బయటికి పొడుచుకొస్తే వేసుకున్నవాడి పట్టుబట్ట చిరుగుతుంది. అందుకని చెక్కేవాడు మొదటే ఆ ప్రాణిని ముడిచేస్తాడు, కాళ్ళు కడుపులోకి, తోక వీపుమీదికి. చూసేవాళ్ళకు అది హాయిగా పడుకున్నట్టే ఉంటుంది. ఆ పేరా చదివిన రోజు సుమిత్ర దిగవలసిన చోట బస్సు దిగలేదు.

రెండు నెలల కింద సూర్యాపేటలో జగదీష్ పనిచేసే ఆఫీసు పెద్దసారు, ఆయన భార్య, మిర్యాలగూడలో పెళ్ళికొచ్చి వీళ్ళింట్లో భోజనం చేశారు. సుమిత్ర పొద్దున నాలుగింటికి లేచి నాలుగు రకాలు వండింది. భోజనమయ్యాక మేడమ్ కళ్ళు కిటికీ దగ్గర డబ్బామీద పడ్డాయి. ఒక్కొక్కటి తీసి చెంపకు ఆనించుకుని, “ఎంత ముద్దుగా ఉన్నాయండీ” అంది. తనవాటిని ఇంకొకరు మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆ సంతోషంలోనే, ఆ సంతోషం వల్లనే, సుమిత్ర నోరు తనంతట తాను తెరుచుకుంది.

“నచ్చితే తీసుకోండి మేడమ్.”

ఎవరైనా అనే మాటే. చీర బాగుందంటే తీసుకోమంటాం. అవతలివాళ్ళు అయ్యో వద్దంటారు, అంతటితో సరి. మేడమ్ వద్దనలేదు. నవ్వింది. ఆ నవ్వును జగదీష్ దాచిపెట్టుకున్నాడు.

వారం కింద ఆ నవ్వు బయటికొచ్చింది. “పెద్దసారు కొత్తింట్ల అడుగువెడ్తుండు, వచ్చే ఆదివారం. నీ బొమ్మలు డబ్బతోని సహా ఇద్దాం. మేడమ్ మురుస్తది. ట్రాన్స్‌ఫర్ లిస్టు గీ నెలల్నే ఉన్నది సుమిత్రా. రోజూ సూర్యాపేట బస్సుల సస్తున్న.”

ఆమె చేతిలో పప్పుగుత్తి ఆగింది.

“నువ్వే అన్నవ్ గదా తీస్కోర్రని” అన్నాడు జగదీష్.

“ఊఁ” అంది సుమిత్ర. ఇరవై ఏళ్ళ కాపురంలో అవుననడానికీ, కాదనడానికీ, వినబడిందనడానికీ ఆమెకున్నది ఆ ఒక్క శబ్దమే. దాన్ని ఎవరికి కావలసినట్టు వాళ్ళు అర్థం చేసుకుంటారు.

ఆ వారమంతా ల్యాబులో గింజలు లెక్కపెడుతూ తన నోటిని గురించే ఆలోచించింది. ఆ మాట అన్నది ఎవరు? తనేనా? లేక చిన్నప్పటినుంచి చుట్టాల ముందు తన పలక, తన రిబ్బను, తన జామకాయ ఇచ్చేసి మంచిపిల్ల అనిపించుకున్న ఇంకొకతె తనలో కూర్చుని ఉందా? ఇస్తానన్నదాన్ని ఇవ్వననడం అంత కష్టమెందుకు? ఇవ్వనంటే ఏమవుతుంది? ఎంత వెతికినా జవాబు దొరకలేదు. ఏమవుతుందో ఎప్పుడూ చూడలేదు మరి.

ఈ గొడవలేవీ పట్టకుండా ఇంట్లో ఇంకో మనిషి ఉంది. అత్తగారు బాలనర్సమ్మ. అనంతగిరి నుంచి కోదాడ దవాఖానకు వెళ్ళి కంటి ఆపరేషన్ చేయించుకుని, చుక్కల మందు వేసేవాళ్ళు కావాలని ఇక్కడికొచ్చింది. రోజుకు నాలుగుసార్లు. మధ్యాహ్నం చుక్క కోసం సుమిత్ర మిల్లు నుంచి ఆటోలో వచ్చి వెళ్ళేది. జగదీష్‌ది సర్కారు నౌకరి, సెలవు దొరకదు. కన్ను తేటపడ్డాక బాలనర్సమ్మకు ముందుగా కనబడింది పొయ్యి వెనక జిడ్డు. “ఇన్నొద్దులు కానరాక మంచిగనే ఉండె పిల్లా. గింత మురికిల తింటున్ననా నేను?” అంది. సుమిత్ర నవ్వి, జిడ్డు గీకింది.

ఆదివారం వచ్చింది. పొద్దున ఎనిమిదింటికే జగదీష్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెరుపుకాగితం పరిచి, డబ్బా మూత తీశాడు.

“ఒకటి లేదేందే?”

సుమిత్ర వంగి చూసింది. మొదటి అర ఖాళీ. ఎలుక లేదు. తొమ్మిది గంటలకు పదకొండూ పరాయివి కాబోతున్నాయని తెలిసి కూడా, ఒకటి పోయినందుకు ఆమె మంచం కింద పాకింది, చీపురు పెట్టి ఊడ్చింది, చెత్తబుట్ట బోర్లించింది. జగదీష్ విసుక్కుంటూ గడియారం చూసుకుంటున్నాడు. “సెట్టు సెట్టే గదా. ఒకటి తక్కువుంటె ఏం బాగుంటది?”

“ఏం దేవులాడుతున్నరు?” వసారాలోంచి బాలనర్సమ్మ కేకేసింది.

“ఎలుక అత్తమ్మా. కట్టె ఎలుక.”

“గిదా?”

బాలనర్సమ్మ కొంగు పక్కకు తీసింది. ఆకువక్కల సంచి ఆమె నడుముకు వేలాడుతోంది. నలభై ఏళ్ళుగా ఆమె బొడ్లో దోపుకునే సంచి, రోజుకు పదిసార్లు జారిపడే సంచి. ఇప్పుడు దాని తాడు చీరకుచ్చెళ్ళ మడత కిందనుంచి పైకొచ్చి, ఎలుక అడుగున రెండు బెజ్జాల్లోంచి దూరి, ముడిపడి ఉంది. మడత పైన, బొడ్డు పక్కన, తోక చుట్టుకుని ఎలుక కూర్చుంది. వీపుమీద సున్నం వేలిముద్ర.

“నాలుగొద్దులాయె, ఒక్కసారి గూడ జారలే” అంది బాలనర్సమ్మ గొప్పగా. “మస్తు పనికొచ్చింది.”

సుమిత్ర గోడకు ఆనుకుంది. కోపం రావలసిన చోట ముందు ఇంకేదో వచ్చింది. తను చదివి చదివి తెలుసుకున్నదాన్ని, బడి ముఖం చూడని ఈ ముసలమ్మ రెండు బెజ్జాలు చూసి కనిపెట్టింది. ఇన్నేళ్ళలో ఆ బొమ్మ అడుగు తిప్పి చూసిన మనిషి ఈ ఇంట్లో ఈమె ఒక్కతే. అది చెప్పాలని నోటిదాకా వచ్చింది. కానీ అడక్కుండా తీసుకుంది కదా.

“అమ్మా, గది ఇటియ్యి. సారు వాళ్ళకియ్యాలె” అన్నాడు జగదీష్.

“ఎందుకిస్త? ఇది నాది.”

“నీదెట్లయితదే?”

“నా నడుముకున్నది. నాది గాక నీదారా? మిగిలినయి పది ఉన్నయ్ గద, మీవి మీరు సూస్కోర్రి.”

నాది. ఎంత తేలిగ్గా అంది. ఆకు నమిలినంత తేలిగ్గా. నాలుగు రోజుల కింద దొంగిలించిన వస్తువు. పద్నాలుగేళ్ళుగా తుడిచిన తను మాత్రం ఎవరైనా అడిగితే, “ఏదో, ఊరికే”, “ఇంట్ల ఉన్నయ్”, “పాతయి” అనేది. చిన్న మాట, రెండే అక్షరాలు. దాన్ని అనడానికి హక్కు ముందు రావాలనుకుంది. అనేస్తేనే హక్కొస్తుందని ముసలమ్మకు పుట్టుకతోనే తెలుసా, లేక ఆమె కూడా ఎన్నో పోగొట్టుకున్నాకనే నేర్చుకుందా?

జగదీష్ ఉన్న పదింటినే మెరుపుకాగితంలో చుట్టబోయాడు. సుమిత్ర వెళ్ళి డబ్బామీద చెయ్యి పెట్టింది.

“ఇవి నావి. నేనియ్య.”

అతను నవ్వాడు, జోకనుకుని. ఆమె నవ్వలేదు. అప్పుడు చూశాడు.

“నీ నోటితోని నువ్వే అన్నవ్ గదా సుమిత్రా.”

“అన్న. అబద్ధం చెప్పిన.”

“మేడమ్‌కు ఏమని చెప్పాలె?”

“నా పేరు చెప్పుర్రి. ఇయ్యనన్నదని చెప్పుర్రి.”

“ట్రాన్స్‌ఫర్ రాకపోతె?”

“రాకపోతె రోజూ బస్సుల పోతరు. నేను పోతలేనా మిల్లుకు?”

జగదీష్ తల్లి వంక చూశాడు. ఆమె ఆకుకు సున్నం రాస్తోంది. అతను కాగితాన్ని ఉండచుట్టి పడేసి, చెప్పులేసుకున్నాడు. గేటు చప్పుడయింది. ఆకాశం విరిగిపడలేదు. ఇల్లు మాత్రం చాలా ఖాళీగా అనిపించింది. ఇవ్వనంటే ఏమవుతుందో ఇప్పుడు తెలిసింది. ఇదే అవుతుంది. ఒక్కతే మిగులుతుంది. అంతకుముందు కూడా ఒక్కతేనని గుర్తొచ్చి ఆమెకు కొంచెం ఊపిరాడింది.

వసారాలోకి వచ్చి అత్తగారి ముందు కూర్చుంది. చెయ్యి చాచింది.

“అది గూడ నాదే అత్తమ్మా.”

బాలనర్సమ్మ నమలడం ఆపింది. ఆపరేషనయిన కన్నుతో కోడలి ముఖాన్ని, పొయ్యి వెనక జిడ్డును చూసినంత శ్రద్ధగా చూసింది. “ముసలిదాని సంచి కాడ నీకెందుకే పంచాయితి?” అంది. సుమిత్ర చెయ్యి తీయలేదు. చివరికి ముసలమ్మ వేళ్ళు ముడి దగ్గరికి వెళ్ళాయి. చాలాసేపు పట్టింది. సంచి జారి ఒళ్ళో పడింది. ఎలుక సుమిత్ర అరచేతిలోకి వచ్చింది, ఒంటి వేడితో, సున్నం మరకతో. డబ్బాలో ఉన్నన్నాళ్ళూ అది ఎప్పుడూ అంత వెచ్చగా లేదు.

సుమిత్ర మరకను తుడవలేదు. పిడికిలి మూసి, అత్తగారి కళ్ళలోకి చూసింది.

“కావాల్నంటె ఇప్పుడు అడుగుర్రి.”