పాయిత్తర పడవలో పచ్చ జెర్సీలు

డెల్నా మళ్లీ ప్లే నొక్కింది.

తెరమీద నీళ్లు వచ్చాయి. పొడవాటి చుండన్ పడవ వచ్చింది. తెడ్లు కూడా వచ్చాయి. వాటిని పట్టుకోవాల్సిన మనుషులే రాలేదు. కింద ఎర్ర అక్షరాలు బారులు తీరాయి: ఆటగాడి అవతార్ దొరకలేదు.

"ఎడీ, వాళ్లు వైట్టిల జంక్షన్ దాటేశారంట!" ఫోను చెవి దగ్గరే పెట్టుకుని అరిచాడు సెబిన్. తాము తయారుచేస్తున్న పడవ పందెం ఆటలో బొమ్మలన్నీ అతను గీసినవే. "ట్రాఫిక్ ఉంటే బాగుణ్ణు. ఉండాల్సిన రోజున ఉండి చావదు!"

వస్తున్నది పాయిత్తర బోట్ క్లబ్ పెద్ద ఔతాచాయన్, ఆయన తెడ్డుగాళ్లు. తమ పడవ పేరు ఆటలో వాడుకోనివ్వాలా వద్దా అన్నది ఈ మధ్యాహ్నమే తేల్చేస్తామన్నారు. చేరిక్కల్ క్లబ్ ముందే సరేనంది. కానీ పాయిత్తర లేని పందెంలో చేరిక్కల్ ఎవరిమీద గెలవాలి? ఈయన కాదంటే డెల్నా రెండేళ్ల కష్టం నీళ్లపాలు.

"వీడియో చూపించేద్దాం," అన్నాడు సెబిన్.

"ఆడి చూస్తేగానీ పేరివ్వరట. వీడియోని ఎలా ఆడతారు, నీ తలకాయ!"

ఆమె వేళ్లు ఆగడం లేదు. లాగౌట్ అయి మళ్లీ వచ్చింది. సాఫ్ట్‌వేర్ మూసి తెరిచింది. నెట్ చూసింది, బాగానే ఉంది. చివరికి ఒంటరిగా ఆడి చూసింది. తన బొమ్మ చక్కగా వచ్చి పడవలో కూర్చుంది. నలుగురితో పరీక్ష పెట్టింది. నలుగురూ మాయం.

"నేనొక్కదాన్నే అయితే వస్తున్నాను. గుంపులో రావడం లేదు. ఎందుకు?"

"మా ఇంట్లో పెళ్లిళ్లకి నేనూ అంతే."

డెల్నా ఆటగాళ్ల నంబర్లు తెరమీదికి రప్పించింది. మైనస్ ఒకటి. మైనస్ రెండు. మైనస్ మూడు. మైనస్ నాలుగు.

"సెబిన్, వీళ్లసలు లేరు!"

"అంటే?"

"పరీక్ష కోసం సాఫ్ట్‌వేర్ పుట్టించిన దొంగ ఆటగాళ్లు. వీళ్లకి ఖాతాల్లేవు. ఖాతా లేనివాడికి ముఖం ఎక్కణ్ణుంచి వస్తుంది? మన కోడ్ ఆ ముఖం కోసం ఎదురుచూస్తూ సీటు దగ్గరే చచ్చిపోతోంది."

కింద కారు తలుపులు పడ్డ చప్పుడు. సెబిన్ కిటికీలోంచి తొంగి చూసి, "వచ్చేశారు!" అన్నాడు.

డెల్నా ఒక్క వరుస రాసింది. నంబరు సున్నాకంటే తక్కువైతే, నిజంగా ఉన్న ఖాతా అవతార్ తెచ్చి తొడుగు. నిజమైన ఖాతా నంబరు ఆమెకు నోటికి వచ్చినది ఒక్కటే, తనది. అదే కొట్టేసింది. పరీక్ష నడిపింది. కళ్లు ఎర్ర అక్షరాలు వచ్చే చోటే ఉన్నాయి. ఒక్కటీ రాలేదు. పడవకేసి చూడకుండానే ఆపేసింది.

తడిసిన ముండు పంచె మోకాళ్లపైకి మడిచి కట్టుకుని, గొడుగు విదిలించుకుంటూ ఔతాచాయన్ లోపలికి వచ్చాడు. వెనక ముగ్గురు తెడ్డుగాళ్లు, ఒక్కొక్కరి భుజం తలుపంత.

"ఏది మోళే, మా పడవ?"

నలుగుర్నీ నాలుగు కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి, అదే పరీక్ష ఆటలో డెల్నా ప్లే నొక్కింది. పడవలోకి మనుషులు వచ్చారు. సెబిన్ ఊపిరి వదిలాడు.

ఔతాచాయన్ కుర్చీ వెనక్కి పడింది.

"ఎడా! మా పడవలో చేరిక్కల్ వాళ్లేంట్రా?"

డెల్నా అప్పుడు చూసింది. అందరికీ ఒకే కత్తిరింపు జుట్టు, ఒకే గుండ్రటి కళ్లద్దాలు. అన్నీ తనవే. అందరి ఒంటిమీదా పచ్చ జెర్సీ. కిందటేడు పందెం నాడు తన బొమ్మకు తొడిగి, మళ్లీ మార్చని చేరిక్కల్ జెర్సీ.

కుట్టనాడ్‌లో పక్క కరకు, అంటే పక్క ఊరికి, పిల్లనిస్తారు. పక్క కర జెర్సీతో మాత్రం తమ పడవ అంచు తాకనివ్వరు.

"నీది ఏ కర?" ఔతాచాయన్ గొంతు తగ్గింది. అరిచినప్పటికంటే అదే భయంగా ఉంది.

"చేరిక్కల్."

"చెప్పలా అచ్చాయా!" ఒక తెడ్డుగాడు లేచాడు. "దొంగకే తాళం ఇచ్చాం. పదండి పోదాం."

ఔతాచాయన్ గొడుగు అందుకున్నాడు.

"అచ్చాయా, ఒక్క కట్టన్ చాయ తాగేంతసేపు కూర్చోండి," అంది డెల్నా. "కుట్ర చేసేదాన్నయితే నా ముఖమే పెట్టుకుంటానా? తొందరలో తప్పు చేశాను. మీ కళ్లముందే దిద్దుతాను. అప్పుడూ నచ్చకపోతే పేరివ్వకండి."

ఆయన కూర్చోలేదు. వెళ్లనూ లేదు. "చాయ వేడిగా ఉండాలి," అన్నాడు.

సెబిన్ పరుగెత్తాడు.

డెల్నా తన నంబరు చెరిపేసింది. ఇంకెవరి నంబరు పెట్టినా అదే గోల. ఇంకెవరిదో చొక్కా. ఎవరి ముఖమని కాదు, ఏ పడవ అని అడగాలి. గట్టుమీద నిలబడ్డ జనం ముఖాలు చూస్తారా? రంగు చూసే కదా గొంతు చించుకుంటారు! వచ్చినవాణ్ణి ముందుగా సీట్లో కూర్చోబెట్టు. ఆ పడవ జెర్సీ తొడుగు. ముఖం దొరికితే పెట్టు, లేకపోతే వదిలెయ్. నెట్ సరిగా లేని నిజం ఆటగాడు వచ్చినా పడవ ఆగదు.

"తొందరగా కానీ, చేరిక్కల్ మోళే," వెనకనుంచి ఒకడు. "మీవాళ్ల తెడ్డు కూడా ఇంతే మెల్లగా పడుతుంది."

"కిందటేడు మా వెనక ఉన్నది ఎవరు చేట్టా?" తల తిప్పకుండానే అంది.

మిగతా ఇద్దరూ నవ్వు ఆపుకోలేకపోయారు.

ప్లే. పాయిత్తర ఎర్ర జెర్సీలు వరుసగా వచ్చాయి. ఆఖర్న ఒక ఎర్ర అక్షరాల వరుస కూడా వచ్చింది. చుక్కాని పట్టేవాడి సీటు మర్చిపోయింది! ఔతాచాయన్ చేతిలో గ్లాసు ఖాళీ అయింది. ఆమె కొట్టింది, చెరిపింది, మళ్లీ కొట్టింది. ప్లే.

నలుగురూ వచ్చి కూర్చున్నారు. ముఖాల్లేవు. అన్నీ ఎర్ర జెర్సీలే. తెడ్లు ఒక్కసారిగా నీళ్లలో పడ్డాయి.

తెడ్డుగాళ్లు మీటలమీద వంగిపోయారు. ఒకడు బల్ల చరుస్తూ తాళం అందుకున్నాడు. ఔతాచాయన్ ఎప్పుడు కూర్చున్నాడో ఎవరూ చూడలేదు.

"ఆ వెనక చుక్కాని పట్టినోడు ఎవడు?"

"మీరే అచ్చాయా. ముఖమే ఇంకా..."

"ముఖం తర్వాత చూద్దాం. పేరు వాడుకో పో. ముందు ఇది కుడికి తిప్పడం ఎలాగో చెప్పు, గట్టుకి గుద్దేస్తాం!"