డబ్బీ చప్పుడు

ఇంత చిన్న చప్పుడా, ఇంతేనా అనుకుంది సారక్క, బాబిన్ డబ్బీని మళ్లీ బయటికి లాగి, మళ్లీ లోపల పెట్టి వేలితో నొక్కింది, టిక్కుమంది, మళ్లీ తీసింది, కుట్టుమిషన్లు బాగుచేసే ముత్యం ఇప్పుడే చాయ తాగి సైకిలెక్కి పోయాడు, పోతూ పోతూ మిషన్‌కు ఏ రోగం లేదక్కా అన్నాడు, డబ్బి పెట్టినంక టిక్కుమనాలె, చప్పుడు రాలేదంటె కూసోలేదన్నట్టే, కూసోకపోతె సూది వొయి దానికే తాకి ఇరుగుతది, గీ ముచ్చట ఎవ్వరు చెప్పలేదా నీకు అని నవ్వాడు, ఎవరు చెబుతారు, చెప్పవలసిన మనిషి, అత్త, జమ్మికుంటలో కూతురింట మంచం పట్టి ఉంది, ఆమె ఈ ఇల్లు విడిచింది సారక్క నోటి వల్లే, సూది కింది రేకు జరిపి చూస్తే డబ్బీ కొమ్ము పైకే ఉంది, గాడిలోనే ఉంది, దారం కొస బయటికే వేలాడుతోంది, కళ్లకు ఎప్పుడూ అంతా సరిగ్గానే కనిపించేది, అదే కదా మోసం, ఏనాడైనా చెవి పెట్టి విన్నదా.

వినడానికి ఎక్కడ కుదిరింది, బెల్లంపల్లిలో బొగ్గుబాయి సైరన్ మోగిందంటే క్వార్టర్ల లైను ముందు నల్లా వచ్చినట్టే, వచ్చేది అరగంట, అందుకే సారక్కకు ఒక అలవాటు పడింది, ముందే బాబిన్‌కు దారం చుట్టి డబ్బీలో వేసి పెట్టుకుని, సైరన్ మొదలు కాగానే దాన్ని మిషన్‌లోకి తోసి బిందెలందుకుని ఉరకడం, తిరిగొచ్చాక కూర్చున్నదే తడవు కుట్టు మొదలుపెట్టొచ్చని, ఎంత తెలివిగలదాన్నో అని మురిసిపోయేది కూడా, ఆ కూత ముందు పక్కమనిషి అరిచినా వినపడదు, ఇక ఈ టిక్కెంత, అత్త ఐలవ్వ గడప పక్కన కూర్చుని అంతా గమనించేది, గమనించడమంటే చెవులతోనే, అప్పటికే కళ్లకు పొరలొచ్చి మనుషుల్ని నడకను బట్టి గుర్తుపట్టేది, ఈ మిషన్ అసలు ఆమెదే, అరవై తొమ్మిదిలో మామ కొమురెల్లి, ఊరు మారి పోతున్న ఎవరో ఆఫీసరు భార్య దగ్గర పాతదే కొని నెత్తిన పెట్టుకుని తెచ్చాడట, కళ్లు కనిపించినన్నాళ్లూ ఆమె కుట్టింది, కనిపించని రోజున కోడల్ని పిలిచి ఇగ నువ్వే తొక్కు బిడ్డా అంది, అంతే, మూత తాళంచెవి చేతిలో పెట్టి నులకమంచం మీదికి పోయి కూర్చుంది, ఆ తాళంచెవితో తాను ఏం చేసింది.

ఆ రోజు నల్లా దగ్గరి నుంచి వెనక్కి ఎందుకు రావాలి, నెత్తిన పెట్టుకునే చుట్టబట్ట మరిచిపోతే మాత్రం ఏమయ్యేది, వస్తే ఏముంది, అత్త మిషన్ ముందు వంగి ఉంది, రేకు జరిపి ఉంది, రెండు వేళ్లు లోపల ఉన్నాయి, దొంగ దొరికిందనిపించింది, నిజంగా అలాగే అనిపించింది, ఆ ముందు వారమే పక్క క్వార్టర్ చంద్రవ్వ బిడ్డ పెండ్లి రవికెల మీద వరుసగా మూడు సూదులు విరిగి గుడ్డంతా చిక్కుపడి పరువు పోయింది, ఆ వారమంతా అత్త ఇంట్లో లేదు, హుస్నాబాద్‌లో చుట్టాలింట ఉంది, ఆమె లేనప్పుడే కదా విరిగాయి అని అప్పుడు ఒక్కసారైనా తోచలేదే, కండ్లు కనబడనిదానివి నీకెందుకు గీ మిషన్, నీ చెయ్యి వడ్డంకనే సూదులిరుగుతున్నయ్, నా నోటికాడి బువ్వ చెడగొడుతున్నవ్ అని అరిచింది, సైరన్ అప్పటికే ఆగిపోయింది, ఇంకొంచెం సేపు మోగి ఉంటే బాగుండేది, నల్లా దగ్గరి ఆడవాళ్లంతా తలలు తిప్పారు, ఐలవ్వ వేళ్లు బయటికి తీసింది, కొంగుకు తుడుచుకుంది, ఇగ ముట్ట బిడ్డా అంది.

అత్త ఒక్క మాట అంటే సరిపోయేది, నువ్వు పెట్టింది కూసోలేదే అని, కాని వింటున్నది ఎవరు, రవికెలిచ్చే ఆడవాళ్లే కదా, డబ్బీ పెట్టడమే రాని దానికి గుడ్డలెవరిస్తారు, కోడలి పని పోతుందని నోరు మూసుకుంది, ముసలిది తప్పు చేసింది కాబట్టే మాట్లాడలేదని తాను అనుకుంది, ఆ రోజు నుంచి మూతకు తాళం, తాళంచెవి పుస్తెలతాడుకు, నెల తిరగకుండానే ఐలవ్వ బిడ్డ సరోజన దగ్గర నాలుగొద్దులుంటానని మూట కట్టుకుంది, సారక్క మొగడు రాయమల్లు తల్లిని రైలెక్కించి తీసుకుపోయాడు, బాయిలో పనిచేసే మనిషికి మాటలు తక్కువ, ఆ నాలుగొద్దులు ఆరేండ్లయ్యాయి, ఆమె పోయాకనైనా సూదులు విరగడం ఆగిందా, ఎక్కువైంది, అప్పుడైనా బుద్ధి రావాలి, రాలేదు, ముసలిదాని ఉసురు తగిలిందని చంద్రవ్వకు చెప్పింది, నలుగురికీ చెప్పింది, సిగ్గు లేకుండా చెప్పింది.

టిక్కు, మళ్లీ నొక్కింది, ఈ చప్పుడు కొత్తది కాదు, ఎక్కడో విన్నది, చాలాసార్లు విన్నది, సైరన్ ఆగీ ఆగగానే, బిందెలతో మెట్లు దిగుతుంటే వెనక ఇంట్లోంచి వినిపించేది, అత్త తంబాకు నలుపుకుంటోంది, సున్నపు డబ్బీ మూత పెట్టింది అనుకుని పోయేది, సున్నపు డబ్బీ, అయ్యో, అత్త సున్నపు డబ్బీకి మూతెక్కడిది, అది ఎప్పుడో పోతే గుడ్డపీలిక చుట్టి బొడ్లో దోపుకునేది, ఆ పీలిక తాను చించి ఇచ్చిందే, అయితే రోజూ, తాను గడప దాటగానే, ఆమె లేచి, తడుముకుంటూ మిషన్ దాకా వచ్చి, రోజూనా, ఎన్నేండ్లు, ఒక్కనాడూ చెప్పకుండా, సారక్కకు ఏడుపు ముంచుకొచ్చింది, రవికె గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుంది, ఆ రవికె కూడా అత్త కోసం కుడుతున్నదే.

రేపు పొద్దున ప్యాసింజర్‌కు రాయమల్లు జమ్మికుంట పోతున్నాడు, సరోజన ఉత్తరం రాసింది, అవ్వ తిండి తగ్గించింది, కండ్లు ఎన్నడో పాయె, ఇప్పుడు చెవులు గూడ పాయె, గట్టిగ ఒర్రితేనే ఇనబడుతది అని, పోయినప్పుడల్లా నువ్వు రావా అని అతను అడుగుతాడు, గిరాకి ఉన్నది అని తాను అంటుంది, తానెళ్లలేని చోటికి ఈసారి రవికె పంపుదామనుకుంది, ఒక చెయ్యి కుట్టాల్సి ఉంది, ఇప్పుడు టిక్కుమన్న డబ్బీతో సాఫీగా కుట్టుకుపోతోంది, షిఫ్టు దిగి వచ్చిన రాయమల్లు రైక అయ్యిందా అన్నాడు, అయితది, నేను గూడ వస్త అంది, అతను బొగ్గుమసి మొహం తుడుచుకుంటూ సరే అన్నాడు, పోయి తాను ఏమంటుంది, ఎవరూ లేనప్పుడు మంచం పక్కన కూర్చుని, చెవి దగ్గర, మెల్లగా, అనుకుంటూనే ఆగింది, మెల్లగా చెబితే ఆమెకు వినపడదు కదా, ఒర్రాలి, లైనంతా వినేలా అన్న మాటను గుసగుసతో దిద్దుకుందామనుకుందా, అలా కుదరదు, తప్పు నాదే అత్తా, సూదులు ఇరగ్గొట్టింది నేనే అని, జమ్మికుంట వాడకట్టు ఆడవాళ్లంతా బిందెలు ఆపి తలలు తిప్పేలా, ఆ ముసలి చెవికి అందేదాకా ఒర్రాలి.