గులాబీ మైనం పిట్ట

ఊళ్ళో సగం మంది నవ్వులు పళ్ళ మాస్టారి చేతిమీదుగా వచ్చినవే. ఆయన మాత్రం ముహూర్తం చూసుకుని నవ్వే రకం. ముందు గదిలో కూర్చుని గులాబీ మైనంతో చిగుళ్ళు దిద్ది, వాటిలో కట్టుడు పళ్ళు పొదుగుతాడు. వెనక గదిలో భార్య వాటిని మూసలో పెట్టి ఉడికించి, మెరుగు పెడుతుంది. పందొమ్మిదేళ్ళ కాపురం ఆ రెండు గదుల్లోనే గడిచింది.

సాయంత్రం పని ముగిశాక ఆయన పిడికెడు మైనంతో పిట్టను చెక్కుతాడు. ఒకరోజు పిచ్చుక, ఒకరోజు గువ్వ. మర్నాడు సాయంత్రం దాన్నే స్పిరిట్ దీపం మీద కరిగించి కొత్తది మొదలుపెడతాడు. పెళ్ళయిన ఏడాది నుంచీ అదే ముద్ద.

“ఒక్కటైనా ఉంచకూడదా?” అని ఆవిడ అడగని నెల లేదు.

“ఉంచితే రేపు దేంతో చెయ్యను?” అనేవాడు. సొరుగు నిండా మైనం పెట్టుకున్న మనిషి చెప్పే మాటేనా అది! మొండిఘటం.

ఈమధ్య ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. తగ్గేది కాదు, పెరిగేదేనన్నాడు డాక్టరు. ఆవిడ గుండెల్లో రాయి పడింది. ఈ చెయ్యి ఆగిపోతే, ఇన్ని వేల పిట్టల్లో తను చూసుకోవడానికి ఒక్కటీ మిగలదు.

అందుకే ఆయన ఆస్పత్రులకు పళ్ళ సెట్లు ఇచ్చి రావడానికి వెళ్ళిన పూట, బల్లమీది గువ్వను తీసుకెళ్ళి మూసలో పెట్టి ప్లాస్టరు పోసింది. గట్టిపడ్డాక మూస తెరిచి, లోపలి మైనాన్ని మరిగే నీళ్ళతో కడిగేసింది. రోజూ చేసే పనే, చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. మైనం పోయిన ఖాళీలో చిగుళ్ళకు వాడే ప్లాస్టిక్ కూరబోతూ తూము వైపు చూసి కొయ్యబారిపోయింది. పందొమ్మిదేళ్ళ ముద్ద నీళ్ళతో పాటు పోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే. ఏడుస్తూనే ప్లాస్టిక్ కూరి ఉడకబెట్టింది.

సాయంత్రం ఆయన వచ్చి బల్ల చూశాడు. “నా పిట్టేది?”

ఆవిడ గట్టిపడిన గువ్వను ఆయన అరచేతిలో పెట్టింది.

“మైనం?”

“తూములో పోయిందండీ. మీ చెయ్యి అలా అవుతుంటే నాకేం మిగులుతుందని భయమేసింది. ముద్ద సంగతే తోచలేదు.”

ఆయన కసురుకోలేదు. పిట్టను కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పాడు.

“ఈ రెక్క చూడు, వంకర. చెయ్యి వణికిన చోటు. కరిగించేస్తే ఇవన్నీ పోతాయి. ఈమధ్య ఉంచనిది అందుకే. మైనం లేక కాదు.”

“ఆ వణుకూ మీదేగా. నాకు అదే కావాలి.”

ఆయన పిట్టను ఆవిడ చేతికిచ్చి, సొరుగులోంచి కొత్త మైనం తీసి దీపం వెలిగించాడు.

“మరి ఆ ముద్ద?” అంది.

“ముద్దదేముందే. చేస్తున్నంతసేపూ బాగుంటుంది, అంతే నాక్కావలసింది.”

మైనం మెత్తబడింది. వణుకుతున్న చేతిని ఆయన దాచుకోలేదు.

“ఏ పిట్ట చెయ్యమంటావ్?”

పందొమ్మిదేళ్ళలో ఆయన ఆ మాట అడగడం అదే మొదలు. “పిచ్చుక” అంటూ ఆవిడ పీట లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.