కంచె దగ్గర మాట

టెస్సా దవడ మూడుచోట్ల విరిగింది. విరగ్గొట్టింది దారినపోయే తాగుబోతు కాదు, మూడేళ్లుగా ఆమెతో ఒకే ఇంట్లో ఉంటున్న కోల్బీ. ఇనప పెనంతో కొట్టాడు, వేగుతున్న బంగాళాదుంపలు ఇంకా అందులో ఉండగానే. ఆస్పత్రిలో కింది పళ్లకూ పైపళ్లకూ తీగలు బిగించి నోరు మూసేశారు. టెస్సా నా తమ్ముడు డెల్‌కి ఒక్కగానొక్క కూతురు. తల్లి లేదు. తొమ్మిదో రోజున జడ్జిగారు కోల్బీకి బెయిలిచ్చారు. ఆయన ఇంట్లో ఎవరి దవడా విరిగినట్టు లేదు.

పదో రోజు పొద్దున్న డెల్ నా షెడ్డుకి వచ్చాడు. నేను వేటమాంసం కోస్తాను. సెప్టెంబరు వచ్చిందంటే మా మోంటానా లోయలో జనం కొట్టిన దుప్పులన్నీ నా బల్ల మీదికే వస్తాయి. కొక్కేనికి వేలాడుతున్న తొడ ఒకటి దించుతుంటే వాడు గుమ్మంలోనే నిలబడి, లోపలికి రాకుండా మాట్లాడాడు.

"అక్కా, స్టోవర్ వాగు పైకి చేపలకెళ్తున్నా. మధ్యాన్నం టెస్సా దగ్గర కాసేపుండు."

"గాలమేదిరా?"

"సంచిలో ఉంది."

సంచి వంక చూశాను. ఎడమ భుజం పట్టీ కుడిదానికంటే రెండు మెట్లు ఎక్కువ బిగించి ఉంది. ఆ బిగింపు మా నాన్న ఆర్వల్‌ది. ఆయన రైఫిల్ ఒక్క మెలిక తిప్పితే రెండు ముక్కలవుతుంది. గొట్టం ముక్కని పాత ఉన్ని చొక్కాలో చుట్టి ఎడమవైపు వీపుకి ఆనించాలి. పిడి ముక్క కుడివైపు. ఇనుము ఇనుముకి తగిలి చప్పుడు చేయకుండా మధ్యలో దుప్పటి. బరువంతా గొట్టం వైపే కాబట్టి ఎడమ పట్టీ బిగించకపోతే సంచి ఒరిగిపోతుంది. తూటాలు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఆ సంచిలో ఉండకూడదు, నడుముకి వేరే తిత్తిలో ఉండాలి. డెల్ నడుముకి తిత్తి కూడా ఉంది.

"కాలిబాట మీద పదిమంది వస్తారు, పోతారు. నీ సంచిలో ఏముందో వాళ్లకి తెలిసిందంటే నువ్వు వేటగాడివి కాదు, బడాయిగాడివి" అనేవాడు నాన్న. ఆయన పద్ధతి ఎవరినీ భయపెట్టకుండా ఉండటానికి. తమ్ముడు దాన్ని ఒకణ్ణి చంపడానికి వాడుకుంటున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

స్టోవర్ వాగు పైన కోల్బీ చిన్నాన్నకి ఒక చెక్క గుడిసె ఉంది. బెయిలు మీద వచ్చినవాడు అక్కడ దాక్కున్నాడని లోయంతా చెప్పుకుంటోంది. మా లోయ పోలీసు అధికారి షెరిఫ్‌కి ఫోన్ చేద్దామా అనుకున్నాను. చేస్తే తమ్ముడు జైల్లో, కోల్బీ బయట. కత్తి కడిగి ఒరలో పెట్టి, ఏప్రన్ విప్పేశాను.

"నేనూ వస్తున్నా."

"నువ్వెందుకక్కా? నీ మోకాళ్లు..."

"నా మోకాళ్ల సంగతి నీకెందుకు? చేపలకేగా!"

బాట మొదట్లో కార్లు ఆగేచోట జనం బాగానే ఉన్నారు. ఎర్ర టోపీ పెట్టుకున్న ఒకావిడ బొచ్చుకుక్కని కారులోంచి దింపుతూ డెల్‌ని పలకరించింది.

"చేపలకా? ఈ వారం బాగా పడుతున్నాయట!"

"చూడాలండీ" అన్నాడు డెల్. నవ్వాడు కూడా. కుక్క వచ్చి వాడి సంచి వాసన చూసి తోక ఊపింది. మనిషిని చంపాలనుకునేవాడి మొహం అంత మర్యాదగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మలుపు తిరిగాక అడిగాను. "ఏం చేద్దామని?"

"మాట్లాడతా. అంతే."

"మాట్లాడ్డానికి తూటాలెందుకురా?"

"వాడికి చెవుడు."

"వెధవ జోకులు వెయ్యకు. నువ్వు జైలుకి పోతే దానికి స్ట్రాతో సూపు తాగించేదెవరు?"

"నువ్వున్నావుగా."

"నా మొహం! నా చేతి సూపు తాగితే దాన్ని మళ్లీ ఆస్పత్రిలో పడెయ్యాలి. దానికి అమ్మ లేదు, ఇప్పుడు మొగుడనుకున్నవాడూ లేడు. నువ్వు కూడా లేకపోతే అది బతుకుతుందా?"

వాడు నడక వేగం పెంచాడు. ఆయాసం వస్తున్నా నేను తిట్టడం మానలేదు. ఎక్కడమూ తిట్టడమూ ఒకేసారి చేయడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

మూడు మైళ్లు ఎక్కాక గడ్డిమైదానం, దాని అంచున ముళ్లకంచె. నేను ముందు దూరాను. డెల్ కంచె మీదుగా సంచి అందించాడు. నేను పట్టుకున్నాను. వాడు వదల్లేదు.

"థాంక్స్" అన్నాను.

అప్పుడు వదిలాడు.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అనాలనుకుని అన్నది కాదు. మా లోయలో తుపాకి పట్టే ప్రతి ఇంట్లోనూ ఉన్న పద్ధతే ఇది. కంచె దగ్గర తుపాకి చేతులు మారేటప్పుడు, అందుకున్నవాడు గట్టిగా పట్టుకుని "థాంక్స్" అనాలి. ఆ మాట వినిపించేదాకా ఇచ్చేవాడు వదలకూడదు. వినిపించగానే వదిలెయ్యాలి. అందుకున్నవాడు ఆ వెంటనే ట్రిగ్గర్ దగ్గరి మీట తెరిచి, తుపాకి ఖాళీనో కాదో తన కళ్లతో చూసుకోవాలి. ఇచ్చినవాడు దేవుడైనా సరే.

డెల్‌కి ఎనిమిదేళ్లప్పుడు ఒకసారి మాట వినకుండానే వదిలేశాడు. తుపాకి రాయి మీద పడి పేలింది. తూటా నాన్న ఎడమ బూటులోంచి దూసుకుపోయి, చిటికెన వేలు తీసుకుపోయింది. ఆయన కాలికి గుడ్డ చుట్టుకుని, రక్తం కారుతుండగానే మా ఇద్దర్నీ ఆ కంచెకి అటొకర్నీ ఇటొకర్నీ నిలబెట్టాడు. ఖాళీ తుపాకి ఇవ్వడం, పట్టుకోవడం, థాంక్స్, వదలడం. మళ్లీ ఇవ్వడం. చేతులు వాచిపోయేదాకా చేయించాడు. నేను ఏడ్చాను, తమ్ముడు వాంతి చేసుకున్నాడు. నాన్న మాకు బుర్రకి నేర్పలేదు, చేతులకి నేర్పాడు.

డెల్ కంచె దూరి వచ్చి సంచి పట్టుకుని "థాంక్స్" అన్నాడు. నా వేళ్లు వదిలేశాయి. ఆ సంచి వాగులో పారేయాల్సింది. ఆ బుద్ధి నాకప్పుడు పుట్టలేదు. అందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

కోల్బీకి కూడా ఆ పద్ధతి తెలుసు. నేర్పింది డెల్లే. అంతకుముందు రెండు సీజన్లు అల్లుడు వచ్చాడన్న మురిపెంతో వాణ్ణి వేటకి తీసుకెళ్లాడు. కోల్బీ ప్రతి కంచె దగ్గరా నడుము వంచి, నాటకంలో రాజుకి దండం పెట్టినట్టు "థాంక్స్ మామా" అనేవాడు. మీట తెరిచి చూసుకోవడం మాత్రం వాడికి విసుగు. "ఇప్పుడేగా నువ్వు చూశావ్, మళ్లీ నేనెందుకు?" అనేవాడు.

గుడిసె కనబడగానే డెల్ ఒక బండ వెనక కూర్చున్నాడు. ఉన్ని చొక్కా విప్పాడు, రెండు ముక్కలూ కలిపి మెలిక తిప్పాడు. తిత్తిలోంచి ఐదు తూటాలు ఒక్కొక్కటే లోపలికి తోశాడు. నేను భుజం పట్టుకుంటే విదిలించుకుని లేచాడు.

గుడిసె ముందు కోల్బీ కట్టెలు కొడుతున్నాడు. చొక్కా లేదు. బీరు డబ్బా మొద్దు మీద పెట్టుకుని ఈల వేస్తున్నాడు. మమ్మల్ని చూసి ఈల ఆపాడు కానీ గొడ్డలి దించలేదు.

"ఏం మామా? పరామర్శకొచ్చావా?"

"గొడ్డలి పారెయ్."

"నీ కూతురు నోరుమూసుకుని ఉండి ఉంటే ఇంతదాకా వచ్చేదే కాదు. ఇప్పుడు మూసుకుందిగా."

డెల్ రెండడుగులు వేశాడు. కోల్బీ గొడ్డలి వదిలి, చీల్చిన కట్టె తీసి విసిరాడు. అది తమ్ముడి కనుబొమ మీద తగిలి చర్మం పగిలింది. రక్తం కంట్లోకి కారింది. రెండో కట్టె నా పక్కటెముకల మీద పడింది. లోపల ఏదో పుటుక్కుమంది, ఊపిరి అందలేదు. నేను మోకాళ్ల మీద పడి తల ఎత్తేసరికి డెల్ వాడి మీదికి వెళ్లిపోయాడు. తుపాకి పిడితో మూతి మీద ఒకటి కొట్టాడు. పళ్లు రాలాయి. మెడ మీద రెండోది. వాడు వెల్లకిలా పడ్డాడు. కడుపులో బూటుకాలితో తన్నాడు, మళ్లీ తన్నాడు. నా తమ్ముడి గొంతులోంచి వస్తున్న శబ్దం మనిషిది కాదు. తర్వాత మీట ఆడించి గొట్టం మూతిని వాడి దవడ కింద గుచ్చాడు.

"మూడుచోట్లరా! మూడు! నీకెన్ని కావాలో చెప్పు!"

"డెల్! టెస్సా కోసం వద్దురా!"

వినలేదు. పేరు పెట్టి అరిచాను, అమ్మ మీద ఒట్టేశాను, బూతులు తిట్టాను. వాడి చెవులు మూసుకుపోయాయి. వేలు ట్రిగ్గర్ మీదికి పోయింది. కింద కోల్బీ ప్యాంటు తడిసిపోయింది.

నేను పాక్కుంటూ లేచి వెళ్లాను. ఎడమచేత్తో గొట్టం పట్టుకుని పక్కకి నెట్టాను. కుడిచేత్తో పిడి పట్టుకున్నాను. తమ్ముడి మొహం వైపు చూడలేదు, చేతుల వైపే చూశాను. నెమ్మదిగా, కంచె దగ్గర అన్నట్టే అన్నాను.

"థాంక్స్."

వాడి వేళ్లు విడిపోయాయి.

రెండు చేతులూ అలాగే గాలిలో ఉండిపోయాయి. వాడు వాటి వంక చూసుకున్నాడు, అవి ఎవరి చేతులో అన్నట్టు. తర్వాత కట్టెలకుప్ప పక్కన కూలబడి, మొహం కప్పుకుని భోరున ఏడ్చాడు. నేను మీట తెరిచాను. తూటా ఎగిరి పడింది. మళ్లీ, మళ్లీ, ఐదూ రాలేదాకా ఆడించాను. తూటా కూర్చునే గదిలో వేలు పెట్టి చూశాను. ఖాళీ. మీట తెరిచే ఉంచి, ఒక చేత్తో తుపాకి పట్టుకుని, తమ్ముడి కనుబొమ మీది గాయం చూడ్డానికి వంగాను.

వెనకనుంచి గొట్టం మీద ఇంకో చెయ్యి పడింది. రక్తంతో జిగటగా ఉంది.

"థాంక్స్, అత్తా."

నా వేళ్లు వదిలేశాయి. ఏ సిగ్గూ లేకుండా, నన్ను అడగకుండా, నలభై ఏళ్లుగా చేస్తున్నట్టే వదిలేశాయి. కోల్బీ నాలుగడుగులు వెనక్కి గెంతి మీట మూసి, తమ్ముడి గుండెకి గురిపెట్టాడు. పళ్లు లేని నోటితో నవ్వుతున్నాడు. వాడు ఎప్పటిలాగే లోపల చూసుకోలేదు.

టిక్.

వాడి నవ్వు అలాగే ఉంది. మీట మళ్లీ ఆడించి ఈసారి నా మొహానికి గురిపెట్టాడు.

టిక్.

నన్ను చంపడానికి ఒక మనిషి ట్రిగ్గర్ నొక్కడం నా కళ్లతో చూశాను. ఆ క్షణం నాకు భయం వేయలేదు, పట్టరాని కోపం వచ్చింది. కట్టె అందుకున్నాను. ఎక్కడ కొడితే ఏ కీలు ఊడుతుందో తెలుసుకోవడమే ముప్పై ఏళ్లుగా నా వృత్తి. మోచేతి మీద ఒకటి కొట్టాను. తుపాకి జారింది. మోకాలి పక్కన ఇంకోటి కొట్టాను. వాడు అరుస్తూ పడ్డాడు. మూడోది తలకి ఎత్తాను. దించకుండా ఆపుకోవడానికి నాకు ఎవరి మాటా సాయం రాలేదు. చాలాసేపు అలాగే ఎత్తి పట్టుకుని నిలబడి, చివరికి పొయ్యికట్టెల్లోకి విసిరేశాను. అప్పుడు తమ్ముడు పడ్డ బాధేమిటో నాకు తెలిసొచ్చింది.

వాడి బెల్టుతోనే వాడి చేతులు కట్టాం. డెల్ రైఫిల్ని రెండు ముక్కలు చేసి, చొక్కాలో చుట్టి సర్దాడు. ఐదు తూటాలూ ఏరి తిత్తిలో వేసుకున్నాడు. కుంటుతున్నవాణ్ణి మధ్యలో నడిపించుకుంటూ కిందికి దిగాం. కార్ల దగ్గర ఎర్ర టోపీ ఆవిడ కుక్కని ఎక్కిస్తోంది. మా ముగ్గురి మొహాలూ చూసి కుక్కని దగ్గరికి లాక్కుంది.

"ఒకటి పడిందండీ" అన్నాడు డెల్. "షెరిఫ్‌కి ఫోన్ చేస్తారా?"

కోల్బీకి ఈసారి బెయిలు రాలేదు. ఆ రెండు టిక్కుల గురించి నేను కోర్టులో చెప్పాను, డెల్ చెప్పాడు. చివరికి వాడూ ఒప్పుకున్నాడు. డెల్‌కీ శిక్ష పడింది. రెండేళ్లు తుపాకి ముట్టకూడదు. రైఫిల్ నా షెడ్డులో ఉండిపోయింది. ఆ రెండేళ్లలో డెల్ నాతో నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. కోల్బీని చంపనివ్వలేదని కోపమో, తనని తుపాకికి ఎదురుగా నిలబెట్టానని కోపమో నేను అడగలేదు.

గడువు తీరిన సెప్టెంబరులో ఒక పొద్దున్న వచ్చాడు. వెంట టెస్సా ఉంది, భుజాన తన సంచితో. నేను రైఫిల్ తెచ్చి బల్ల మీదుగా అందించాను. డెల్ పట్టుకున్నాడు. నేను వదల్లేదు. వాడి పెదాలు కదిలాయి కానీ మాట రాలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆ మాటతోనే నేను వాడి చేతులు విప్పాను, ఆ మాటతోనే వాడి ప్రాణం పోగొట్టబోయాను. వాడు అనలేడు, నేను వదల్లేను. బల్లకి అటూ ఇటూ అలా నిలబడిపోయాం.

టెస్సా మా మధ్యకి వచ్చి తుపాకి మీద రెండు చేతులూ వేసింది. దవడ కొంచెం వంకరగానే అతికింది. మాట ఒక పక్కనుంచే వస్తుంది.

"థాంక్స్" అంది.

ఇద్దరం వదిలేశాం. ఆమె మీట తెరిచింది. గదిలో చిటికెన వేలు పెట్టి చూసింది. "ఖాళీ" అని మా ఇద్దరికీ చూపించింది. తర్వాత మెలిక తిప్పి రెండు ముక్కలు చేసి, చొక్కాలో చుట్టి తన సంచిలో సర్దుకుని, ఎడమ పట్టీ రెండు మెట్లు బిగించుకుంది.